సరిహద్దుల గొడవలో ఉద్దానం వాళ్లం ఎటువైపు?

అడిగిన ప్రశ్న ముందు చెప్తాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కంచిలి దగ్గర ఊరి నుంచి ఒక తమ్ముడు రాశాడు. అతని సొంత తమ్ముడు ఐటీఐ వెల్డరు, వయసు 24. ఒక ఏజెంటు గల్ఫ్‌కి విజిట్ వీసా మీద పంపి, "దిగాక వర్కు వీసాకి మార్పించేస్తాను" అంటున్నాడట. లక్షా నలభై వేలు అడుగుతున్నాడట. ఇది ఒక సంగతి. రెండోది, అమెరికా వాడు, ఇంగ్లండు వాడు తలుపులు మూస్తున్నారని టీవీల్లో రోజూ చర్చలు. మనవాళ్లు అది అన్యాయం అంటారు. అదే నోటితో పైడిభీమవరం ఫ్యాక్టరీల దగ్గర బీహారు, ఒడిశా కుర్రాళ్లని చూసి వీళ్లనెందుకు రానిస్తున్నారు అంటారు. ఇందులో న్యాయం ఏ పక్కనుంది, మనం ఎటు నిలబడాలి అని ఆ తమ్ముడి ప్రశ్న.

నేను 1988లో మందస నుంచి సౌదీ వెళ్లాను. జుబైల్లో పైపు ఫ్యాబ్రికేషన్ పనిలో హెల్పరుగా మొదలుపెట్టి టైమ్‌కీపర్ని అయ్యాను. తర్వాత కువైట్‌లో క్యాంపు ఆఫీసులో పనిచేసి 2009లో వచ్చేశాను. అప్పట్నుంచి కాశీబుగ్గలో మనవాళ్ల పాస్‌పోర్టు కాగితాలు, అక్కడ ఇరుక్కున్నవాళ్ల అర్జీలు రాసిపెడుతున్నాను. చట్టం చదివిన లాయరుని కాను. కాగితం తేడా వచ్చినందుకు మనిషి ఏమైపోతాడో దగ్గరగా చూసినవాణ్ని. ఆ లెక్కన చదువు.

సూటిగా చెప్తాను. ఏ దేశమైనా తన సరిహద్దు కాచుకోవడం తప్పని నేను అనను. మన ఇంటికి ఎవరు వస్తున్నారో మనం చూసుకుంటాం, వాళ్లూ చూసుకుంటారు. కానీ టీవీలో జరిగే చర్చంతా గోడ ఎంత ఎత్తు కట్టాలన్న దాని మీదే ఉంటుంది. ఇరవై ఏళ్లు ఆ పక్క, పదిహేనేళ్లు ఈ పక్క చూశాక నాకు తెలిసింది ఏమిటంటే, పేదవాడి బతుకు గోడ ఎత్తుని బట్టి మారదు. గోడకి తలుపు ఉందా, ఆ తలుపు దాటడానికి ఎంతవుతుంది, దాని తాళం ఎవరి చేతిలో ఉంది, దీన్ని బట్టి మారుతుంది. తాళం సర్కారు చేతిలో ఉంటే మనిషి దరఖాస్తు పెట్టుకుంటాడు. ఏజెంటు చేతిలోనో, మేస్త్రీ చేతిలోనో, కఫీల్ (గల్ఫ్‌లో పనివాడి వీసాకి పూచీ ఉండే యజమాని) చేతిలోనో ఉంటే అమ్ముడైపోతాడు.

ఇది నేను గల్ఫ్‌లో కొత్తగా నేర్చుకున్న సంగతి కాదు. మా తాత రంగం వెళ్లినవాడు. ఇప్పటి పిల్లలకి ఆ మాట తెలీదేమో, రంగూన్‌ని మనవైపు రంగం అనేవారు. బారువ, కళింగపట్నం, భీమిలి రేవుల్లో స్టీమరెక్కితే బంగాళాఖాతం అవతల దిగేవారు. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక ముక్క. మనవాళ్లని అక్కడ కోరంగీలు అనేవారు, కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీద. ఓడల్లో బస్తాలు మోయడం, బియ్యం మిల్లులు, రిక్షా లాగడం, పాకీ పని, నగరంలో కష్టమైన పనంతా కోరంగీలదే. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే.

అక్కడివాళ్లకి కోపం రాలేదా? వచ్చింది. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. కాంట్రాక్టర్లు బర్మా కూలీలని తెచ్చి పనిలో పెట్టారు. సమ్మె తేలాక మనవాళ్లని వెనక్కి పిలిచి ఆ బర్మా కూలీలని పొమ్మన్నారు. కత్తులు లేచాయి. వందమందికి పైగా చనిపోయారు, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. మా తాత ఒక మిల్లు గోదాములో మూడు రోజులు బస్తాల వెనక దాక్కున్నానని చెప్పేవాడు.

చిన్నప్పుడు ఆ కథ వింటే నాకు బర్మావాళ్ల మీద కోపం వచ్చేది. పెద్దయ్యాక, అందులోనూ పరదేశంలో కూలి లెక్కలు రాశాక, వేరేగా అర్థమైంది. ఆ బర్మా కూలీ ఆకలి అబద్ధం కాదు. తన ఊళ్లో తనకి పని దొరకలేదు. తక్కువ కూలికి వచ్చే తెలుగువాడు కనిపించాడు, వాడి మీద పడ్డాడు. కానీ ఆ తెలుగువాడు తక్కువకి ఎందుకు వచ్చాడు? ఊళ్లో మేస్త్రీ ముందుగా డబ్బిచ్చి ఓడెక్కించాడు కాబట్టి. ఆ అప్పు తీరేదాకా కూలి మేస్త్రీ చేతి మీదుగానే రావాలి, మధ్యలో అతని కోత ఉంటుంది. ఓడల కంపెనీ బేరం మేస్త్రీతో, కూలీతో కాదు. కొట్టుకున్నది ఇద్దరు కూలీలు. వాళ్లని కొట్టుకునేలా చేసిన ఏర్పాటు మీద ఒక్క దెబ్బా పడలేదు.

1937లో బర్మాని ఇండియా నుంచి విడదీశారు. 1941లో రాకపోకల మీద ఒప్పందం రాశారు, పర్మిట్లు కావాలన్నారు. అంతలో జపాను బాంబులు పడ్డాయి. 1942లో ఇంచుమించు 5 లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు, ఎక్కువమంది అరకాను కొండల మీదుగా, మణిపూర్ దారిన నడిచి. దారిలో వేలమంది పోయారు. మా తాత తమ్ముడు ఆ నడకలోనే పోయాడు, ఎక్కడ పోయాడో కూడా తెలీదు. మిగిలినవాళ్లు 1964లో సైనిక ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేశాక వచ్చేశారు. విశాఖ కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది చూడు, అది వాళ్ల గుర్తే. అంటే మన జిల్లాల్లో ప్రతి రెండో ఇంట్లో ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట "బయటివాడు" అనిపించుకున్నవాడే. ఈ చర్చలోకి దిగేటప్పుడు మనం దీన్ని మర్చిపోకూడదు.

గల్ఫ్ సంగతికి వస్తాను. నీ తమ్ముడికి పనికొచ్చేది ఇదే.

అక్రమ వలస అనగానే జనానికి రాత్రిపూట కంచె దూకే మనిషి కళ్లలో మెదులుతాడు. నేను గల్ఫ్‌లో వందల మంది "ఖల్లివల్లి" మనుషులని చూశాను. కాగితం లేకుండా బయట తిరిగేవాళ్లని అక్కడ మనవాళ్లు అలాగే అంటారు. వాళ్లలో ఒక్కడు కూడా కంచె దూకి రాలేదు. అందరూ విమానాశ్రయంలో, ముద్ర కొట్టించుకుని, రాజమార్గాన వచ్చినవాళ్లే. తర్వాత కాగితం చచ్చిపోయింది. జీతం రాక కంపెనీ వదిలి బయటికెళ్లినవాడు ఒకడు. ఆజాద్ వీసా అని కొనుక్కుని, కఫీల్ ఒకడు, పని చేసేది ఇంకొకడి దగ్గర, తనిఖీలో దొరికినవాడు ఒకడు. అకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు, రెన్యువల్ చేయించాల్సింది యజమాని. అతను చేయించకపోతే నేరస్థుడయ్యేది పనివాడు.

హురూబ్ అని ఒకటుంది. పనివాడు పారిపోయాడని కఫీల్ ఫిర్యాదు పెట్టడం. నేనున్న రోజుల్లో ఆ ఒక్క ఫిర్యాదుతో మనిషి ఆ పూటే అక్రమం అయిపోయేవాడు. మా క్యాంపులో సోంపేట వైపు కుర్రాడు, మంచి గ్రైండరు, ఏడు నెలల జీతం బాకీ ఉంటే లేబర్ కోర్టుకెళ్తానన్నాడు. మర్నాటికి అతని మీద హురూబ్ పడింది. మనిషి మాత్రం క్యాంపులో నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు. టైమ్ షీట్‌లో రోజూ హాజరు నేనే వేశాను. ఆ షీట్లు పట్టుకుని తిరిగాను, ఎవరూ చూడలేదు. చివరికి డిపోర్టేషన్ సెంటర్లో నలభై రోజులుండి ఎగ్జిట్ మీద వచ్చాడు, జీతం రాలేదు. వాళ్లమ్మ నన్ను అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "మావోడు ఏటి తప్పు జేసేడు బాబూ?" అంది. నా దగ్గర సమాధానం లేదు. తప్పు చెయ్యలేదు మరి.

అందుకే అక్రమ వలసదారు అనేది ఒక రకం మనిషి పేరు అని నేను ఒప్పుకోను. అది ఒక కాగితం స్థితి. నిన్న సక్రమం, ఇవాళ అక్రమం, రేపు క్షమాభిక్ష వస్తే మళ్లీ సక్రమం. కువైట్ 2018లోనూ 2024లోనూ క్షమాభిక్ష ఇచ్చింది. సౌదీ 2013లో, 2017లో ఇచ్చింది. అన్నేళ్లకోసారి ఇవ్వాల్సి వస్తోందంటే, మధ్యలో ఏళ్లన్నీ ఆ ఏర్పాటు కాగితాలు చచ్చిన మనుషులని తయారు చేస్తూనే ఉందని అర్థం. ఖతార్ మాత్రం 2018లో ఎక్కువమంది పనివాళ్లకి ఎగ్జిట్ పర్మిట్ (దేశం దాటడానికి యజమాని అనుమతి) తీసేసింది, 2020లో పాత యజమాని ఒప్పుకోలు లేకుండా ఉద్యోగం మారొచ్చంది. కువైట్ 2025 జూలై నుంచి ప్రైవేటు ఉద్యోగులు దేశం దాటాలంటే యజమాని అనుమతి ఉండాలని కొత్తగా పెట్టింది. ఒకరు తాళం తీస్తే ఒకరు వేస్తున్నారు.

ఇది వాళ్ల వైపు. మన వైపు ఏముందో కూడా చెప్పాలి, ఎందుకంటే మన చర్చల్లో ఇది అసలు రాదు.

మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. పదో తరగతి పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కింద, అంటే పనికి వెళ్లే ముందు సర్కారు తనిఖీ ఉండాలన్న లెక్కలో ఉంటుంది. అలాంటివాళ్లు గల్ఫ్ దేశాలు, మలేషియా, థాయిలాండ్, ఇరాక్, లిబియా లాంటి 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే సర్కారు అధికారి అనుమతి కావాలి. ఈ-మైగ్రేట్ అనే సర్కారు సైట్లో ఒప్పందం నమోదవ్వాలి, 10 లక్షల ప్రవాసీ బీమా ఉండాలి. ఆ బీమా ప్రీమియం రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375. లైసెన్సున్న ఏజెంటు పనివాడి దగ్గర 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకంటే తీసుకోకూడదు. ఇది చట్టంలో ఉన్న మాట. 30 వేలకి గల్ఫ్ వెళ్లిన మనిషిని ఈ పదిహేనేళ్లలో నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఏజెంట్లు విజిట్ వీసా ఎందుకు అంటారో ఇప్పుడు అర్థమవుతుంది. విజిట్ వీసా మీద వెళ్లేవాడు పనికెళ్లినట్టు లెక్కకే రాడు. ప్రొటెక్టరు చూడడు, ఒప్పందం ఉండదు, బీమా ఉండదు. ఎయిర్‌పోర్టులో "చుట్టాల్ని చూడ్డానికి" అని చెప్పమంటాడు. ఆ అబద్ధం చెప్పింది నువ్వే కాబట్టి రేపు ఏదైనా జరిగితే నోరెత్తడానికి నీకే భయం.

ఉద్దానంలో దీనికి ఇంకో బాధ కలిసింది. గల్ఫ్ వీసాకి మెడికల్ ఉంటుంది, మనవాళ్లు గామ్కా అంటారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే లెక్క) ఎక్కువ వస్తే అన్‌ఫిట్. కవిటి, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు కిడ్నీ జబ్బు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. ముప్ఫై ఏళ్ల కుర్రాడు, ఒంట్లో ఏ నలతా తెలీదు, మెడికల్‌కి విశాఖ వెళ్లి తనకి జబ్బుందని అక్కడ తెలుసుకుని వస్తాడు. ఆస్పత్రికి పోవాల్సినవాడు. కానీ 2018 తిత్లీ తుపానులో కొబ్బరి చెట్లు పోయి, జీడి తోట పోయి, అప్పుండి, ఇంట్లో చెల్లెలి పెళ్లుండి, వాడు వెతికేది ఆస్పత్రిని కాదు, మెడికల్ లేకుండా పంపే ఏజెంటుని. విజిట్ వీసాకి ఆ మెడికల్ ఉండదు. అలా వెళ్లి యాభై డిగ్రీల ఎండలో, సరిగ్గా నీళ్లు తాగకుండా పనిచేసి, డయాలసిస్ దశలో తిరిగొచ్చినవాళ్ల కాగితాలు నా చేత్తో రాశాను. రోగిని రానివ్వకూడదన్న నియమం ఆ దేశానికి సబబే. కానీ ఆ నియమం ఆ కుర్రాణ్ని ఆపలేదు. ఇంకా ప్రమాదమైన దారిలోకి నెట్టింది.

ఆడవాళ్ల సంగతీ అంతే. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఆ దేశాలకి పనికెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. ఇంటిపనులకి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి, మన రాష్ట్రంలో దానికి ఓంక్యాప్ ఉంది. ఉద్దేశం మంచిది. కడప, కోనసీమ వైపు 25 ఏళ్ల అమ్మాయిలు విజిట్ వీసాల మీద వెళ్తూనే ఉన్నారు.

2024 మే నెలలో కంబోడియా గొడవ గుర్తుందా? సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి విశాఖ, శ్రీకాకుళం వైపు కుర్రాళ్లని బ్యాంకాక్ మీదుగా కంబోడియా తీసుకెళ్లి, గదుల్లో బంధించి, ఫోన్లలో మనవాళ్లనే మోసం చేసే పని చేయించారు. విశాఖ పోలీసులు ఏజెంట్లని పట్టుకుని కొంతమందిని వెనక్కి తెచ్చారు. ఆ పిల్లలు చదువుకున్నవాళ్లు. పదో తరగతి పాసయ్యారు కాబట్టి ఈసీఆర్ కాదు, ప్రొటెక్టరు దగ్గరికి వెళ్లక్కర్లేదు. నీ తమ్ముడూ ఇదే కోవలోకి వస్తాడు. చదువుంటే తన మంచిచెడ్డా తనే చూసుకోగలడని చట్టం అనుకుంది. ఏజెంటుకి కావలసింది సరిగ్గా అదే.

ఇప్పుడు రెండు చట్టాలని పక్కపక్కన పెట్టి చూడు. మన పార్లమెంటు 2025లో ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం కొత్తగా చేసింది, సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 1946 నాటి విదేశీయుల చట్టంతో కలిపి పాత చట్టాలు నాలుగు దాంతో పోయాయి. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా మన దేశంలోకి వచ్చిన విదేశీయుడికి ఐదేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. దొంగ కాగితాలైతే రెండు నుంచి ఏడేళ్లు. సరే. మరి లైసెన్సు లేకుండా మన కుర్రాళ్లని బయటి దేశాలకి అమ్మే ఏజెంటుకి 1983 చట్టంలో ఏముంది? రెండేళ్ల దాకా జైలు, 2 వేల రూపాయల దాకా జరిమానా. లక్షలు కాదు, రెండు వేలు. మోసం, మనుషుల రవాణా కేసులు విడిగా పెట్టొచ్చు, పెడతారు కూడా. కానీ వలసల కోసమే ఉన్న చట్టంలో, దాటినవాడికీ దాటించినవాడికీ వేసిన బరువు ఇది. 1983 చట్టం స్థానంలో కొత్త బిల్లు ముసాయిదాని 2025 అక్టోబర్‌లో విదేశాంగ శాఖ జనం ముందు పెట్టింది. దాని మీద ఏ చానల్లోనైనా ఒక్క గంట చర్చ చూశావా? సరిహద్దుల మీద మాట్లాడేవాళ్లందరినీ నేను అడిగేది ఇదే. తాళం అమ్ముకునేవాడి గురించి ఎందుకు మాట్లాడరు?

అమెరికా సంగతి క్లుప్తంగా చెప్తాను, అది నేను చూసిన లోకం కాదు. 2025 ఫిబ్రవరి 5న 104 మందిని సైనిక విమానంలో సంకెళ్లతో అమృత్‌సర్‌లో దింపారు. డంకీ అనే దొంగదారిలో లక్షలు పోసి అడవులు దాటినవాళ్లు వాళ్లు. వెనక్కి పంపడానికి ఆ దేశానికి హక్కుంది. సంకెళ్లు వెయ్యడానికి ఉందని నేను ఒప్పుకోను. అదే ఏడాది సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ (అమెరికా ఉద్యోగ వీసా) దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలన్నారు. రాజాంలోనూ బొబ్బిలిలోనూ ఇంజనీరింగ్ చదివే పిల్లల ఇళ్లలో ఆ రాత్రి నిద్రపోలేదు. అది సక్రమ తలుపు. దాని రేటు అంత పెంచితే ఆ దారిన వెళ్లేవాళ్లు తగ్గుతారు, నిజమే. వెళ్లాలన్న ఆశ తగ్గదు. ఆ ఆశనే కదా ఏజెంటు కొనుక్కుంటాడు.

ఇక సముద్రం. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకి సరిహద్దు అంటే నిజంగా ఏమిటో తెలిసింది అక్కడే. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద బోట్లు నిలబెట్టుకునే హార్బరు లేక మన మత్స్యకారులు ఏటా ఆగస్టులో కుటుంబాల్ని వదిలి గుజరాత్ వెరావల్ పోతారు, అక్కడి బోట్ల మీద జీతానికి. 2020 లాక్‌డౌన్‌లో నాలుగు వేల మందికి పైగా అక్కడ బోట్లలోనే చిక్కుకుపోయి బస్సుల్లో ఇళ్లకి చేరారు. అప్పటికి కొద్ది నెలల ముందే ఇంకో కథ ముగిసింది. 2018 నవంబర్ చివర్లో ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం, ఆ చుట్టుపక్కల ఊళ్లు, విజయనగరం తీరం వాళ్లు ఎక్కిన బోట్లని పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు. కరాచీ జైల్లో పడేశారు. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మందిని అప్పగించారు. పదమూడు నెలలు.

నీళ్ల మీద గీత ఉండదు. గుజరాత్, పాకిస్తాన్ మధ్య ఉన్న సర్ క్రీక్ దగ్గర గీత ఎక్కడుందో రెండు దేశాలకే ఇప్పటికీ కుదరలేదు. రాత్రి వల వేసి ఉంటే ఆటుపోటుకి బోటు కొట్టుకుపోతుంది. తండేలుకి, అంటే బోటు నడిపే పెద్దకి, జీపీఎస్ ఉన్నా, చేప ఉన్న వైపు పొమ్మని ఒడ్డున ఉన్న బోటు యజమాని అంటాడు. సముద్ర చట్టంపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం, 200 నాటికల్ మైళ్ల ఆర్థిక మండలంలో చేపల వేట నియమం తప్పినందుకు, దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలు శిక్ష వెయ్యకూడదు. భారత్, పాకిస్తాన్ రెండూ ఆ ఒప్పందం మీద సంతకం చేసి ఆమోదించినవే. అయినా రెండు పక్కలా జైళ్లలో జాలర్లు ఉన్నారు. మన జైళ్లలో వాళ్ల జాలర్లు కూడా ఉన్నారని గుర్తుంచుకోవాలి. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటారు. ఆ రోజుల్లో మత్స్యలేశం ఆడవాళ్లు ఆ జాబితా కోసం ఎలా ఎదురుచూశారో తెలిసినవాడు సరిహద్దు గట్టిగా కాయాలి అనే మాట అనొచ్చు, నేనూ అంటాను, కానీ తేలిగ్గా అనలేడు.

ఆ జాలర్లు పాకిస్తాన్ నీళ్లలోకి పోవడానికి అసలు కారణం పాకిస్తాన్ కాదు. బుడగట్లపాలెంలో హార్బరు లేకపోవడం. ఇంటి దగ్గర పని ఉన్నవాడు అంత దూరం పోడు. సరిహద్దు విధానం అంటే కంచె, కోస్ట్ గార్డు మాత్రమే అనుకుంటాం. నా లెక్కలో ఎచ్చెర్ల తీరంలో కట్టే జెట్టీ కూడా సరిహద్దు విధానమే.

పైడిభీమవరం ప్రశ్న మిగిలింది. ముందు ఒక తేడా. బీహారువాడు, ఒడిశావాడు మన దేశ పౌరుడు. ఎక్కడైనా తిరగడం, ఎక్కడైనా ఉండడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన హక్కు. అతన్నీ విదేశీయుణ్నీ ఒకే గాటన కట్టకూడదు. మన ఇచ్ఛాపురం కుర్రాడు సూరత్‌లో, చెన్నైలో ఉన్నది ఆ హక్కు మీదే.

కానీ స్థానిక కుర్రాడి బాధ అబద్ధమని కూడా నేను అనను. భూములిచ్చింది రణస్థలం చుట్టుపక్కల ఊళ్లు, వాసన పీల్చేది వాళ్లు, గేటు దగ్గర ఉద్యోగం లేదంటే కడుపు మండుతుంది. రంగూన్ రేవులో బర్మావాడికి మండినట్టే. అయితే చూడు, ఆ బీహారు కుర్రాణ్ని తెచ్చింది ఎవరు? లేబర్ కాంట్రాక్టరు. ఎందుకు తెచ్చాడు? పన్నెండు గంటలు చేయించినా యూనియన్ అనడు, సెలవడగడు, ఎదురు తిరిగితే గది ఖాళీ చేయిస్తే చాలు. వేరే రాష్ట్రం కూలీని తెస్తే నమోదు చేయాలి, స్థానికుడితో సమాన జీతం ఇవ్వాలి, దారి ఖర్చు ఇవ్వాలి అని 1979లోనే చట్టం చేశారు, ఇప్పుడది కొత్త లేబర్ కోడ్‌లో కలిసింది. అది నిజంగా అమలైతే బయటి కూలీ చవక అవడు, మన కుర్రాడు ఖరీదవడు. అప్పుడు ఎవర్ని పెట్టుకోవాలో కంపెనీ పనిని బట్టి చూసుకుంటుంది. అందుకని అక్కడ ధర్నా చేయాలంటే ఆ కుర్రాళ్ల గదుల ముందు చెయ్యకూడదు, కార్మిక శాఖ ఆఫీసు ముందు చెయ్యాలి, వీలైతే ఆ కుర్రాళ్లని కూడా కలుపుకుని.

విదేశాల నుంచి కాగితం లేకుండా వచ్చినవాళ్ల మీద నా అభిప్రాయం అడిగితే, విచారణ జరగాలి, తేలితే పంపాలి. కానీ తేల్చేటప్పుడు తొందరపడకూడదు. మా అమ్మకి పుట్టిన తేదీ కాగితం లేదు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఇంటిపేరు తేడా వచ్చి గల్ఫ్‌లో మనవాడి మృతదేహం రెండు వారాలు ఆగిపోతే ఆ కాగితాలు సరిచేసినవాణ్ని నేను. కాగితంలో తప్పు వచ్చిందని మనిషినే తప్పుగా చూడడం నాకు చేతకాదు. ఎవడి విషయంలోనైనా అంతే, మనవాడైనా, పరాయివాడైనా.

నువ్వు ఎటు నిలబడాలని అడిగావు. తలుపు తెరిచి, దాని రేటు గోడ మీద అందరికీ కనపడేలా రాసి, తాళం సర్కారు దగ్గర పెట్టమనేవాళ్ల పక్కన నిలబడు. అలాంటి తలుపులు కొన్ని ఉన్నాయి కూడా. జపాన్‌తో 2021లో నైపుణ్య కార్మికుల ఒప్పందం కుదిరింది. జర్మనీతో 2022లో వలసల ఒప్పందం కుదిరింది, 2024లో ఆ దేశం మనవాళ్లకి ఏటా ఇచ్చే నైపుణ్య వీసాలని 20 వేల నుంచి 90 వేలకి పెంచుతామని చెప్పింది. అక్కడ వెల్డర్లు కావాలి. భాష నేర్చుకోవాలి, ఏడాది పడుతుంది. ఏజెంటుకి ఇవ్వబోయే లక్షా నలభై వేలలో ఆ ఏడాది గడుస్తుంది. నీ తమ్ముడి వయసు 24, తొందరేం లేదు.

గల్ఫే వెళ్తానంటే వెళ్లనివ్వు, నేనూ వెళ్లినవాణ్నే. ముందు ఆ ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ సైట్లో లైసెన్సున్నవాళ్ల జాబితాలో వెతుకు. ఇంకొకరి లైసెన్సు చూపించి "మేము వాళ్ల సబ్ ఏజెంటు" అంటే నమ్మకు. పదో తరగతి పాసైనా సరే, విదేశీ ఉద్యోగానికి మనిషిని పంపేవాడెవడికైనా లైసెన్సు ఉండి తీరాలి. డబ్బు నగదుగా ఇవ్వకు, బ్యాంకులో వేసి రసీదు తీసుకో. ఒప్పందంలో కంపెనీ పేరు, జీతం, పని పేరు, వీసా మీద ఉన్న పని పేరు ఒకటేనా చూడు. వెల్డరుకి "క్లీనర్" అనో "హౌస్ డ్రైవర్" అనో వీసా వస్తే ఎక్కొద్దు. విజిట్ వీసా అంటే ఆ మాట దగ్గరే లేచి వచ్చెయ్.

నీ ప్రశ్నలో ఒక వాక్యం చదివి నాకు భయమేసింది. పాస్‌పోర్టు ఇప్పటికే ఏజెంటు దగ్గర ఉందని రాశావు. పాస్‌పోర్టు భారత ప్రభుత్వం ఆస్తి అని 1967 చట్టంలో ఉంది, దాన్ని పెట్టుకోవడానికి అతనికి ఏ హక్కూ లేదు. ఇవాళే ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లి అడుగు. రేపిస్తా, ఎల్లుండిస్తా అంటే నేరుగా పోలీసు స్టేషనుకి వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వు. పాస్‌పోర్టు చేతికొచ్చాక మిగతావి మాట్లాడదాం.